భైరవికి ఆవలి గట్టు

తెల్లవారుజాము మంచు ఇంకా విడవలేదు. పడవ పక్కన నీళ్లు భళ్లున చీలి, తాటిదూలమంత మొసలి ఒకటి నోరు తెరుచుకుని పైకి లేచింది. జెట్టి మల్లడు క్షణం కూడా ఆలోచించలేదు. చేతిలోని తెడ్డును దాని దవడల మధ్య నిలువునా దూర్చి, బలమంతా పెట్టి అదిమాడు. మొసలి తల విదిలించింది. తెడ్డు ఫెళ్లున విరిగింది. పడవ బోల్తా కొట్టి ముగ్గురూ నదిలో పడ్డారు.

"గట్టుకేసి ఈదండి! వెనక్కి చూడొద్దు!" అని అరిచాడు మకరందుడు.

అతడు ఊరూరా తాళ్లకు వేలాడి గడసాము ఆడే కుటుంబంలో పుట్టినవాడు. తాడు అతడికి మూడో చెయ్యి. ఈదుతూనే నడుముకున్న తాడు విప్పి, గట్టు మీది చెట్టువేరుకు ఉచ్చు విసిరాడు. రెండో కొస వాసంతికకు అందించాడు. ఆమె దాన్ని మణికట్టుకు చుట్టుకునేసరికి మొసలి తోక తాకిడికి నీళ్లు నురగలెత్తాయి. మల్లడు ఆమెను భుజం మీద వేసుకుని, తాడు పట్టుకుని, ఒక్క ఊపున బురదగట్టు మీదికి ఎగబాకాడు. వెనుక దవడలు మూసుకున్న చప్పుడు నదంతా వినిపించింది.

ముగ్గురూ రొప్పుతూ రెల్లుపొదల్లో పడుకుండిపోయారు. తాము చేరింది శత్రుదేశపు గడ్డ అని గుర్తొచ్చి, ఊపిరి కూడా నెమ్మదిగా పీల్చుకోసాగారు.

వాళ్లది నదికి ఇవతలి పింగళదేశం. పింగళదేశపు వృద్ధరాజు అవతలి గట్టు రాజ్యమైన నీలకూటంతో జరిగిన పోరులో మరణించిన నాడు, సేనాధిపతి విక్రాంతకేతుడు నిండుసభలో కత్తి దూసి, "యుద్ధం ముగిసేదాకా ఈ సింహాసనం మీద ఎవరూ కూర్చోరు. అందాకా నా మాటే శాసనం" అన్నాడు. ఆ యుద్ధం ఇప్పటికీ ముగియలేదు. కోతలు కాగానే ఊళ్లలో దండోరా మోగేది. మీసం మొలిచిన ప్రతి కుర్రవాడినీ పడవలెక్కించి భైరవి నది దాటించేవారు. కొందరు గాయాలతో తిరిగివచ్చి, అవతలి గట్టున ఇనుప ముసుగుల రాక్షసులతో పోరాడామని వణుకుతూ చెప్పేవారు. శత్రువుకు చిక్కినవాళ్లు చచ్చినవాళ్లతో సమానమని విక్రాంతకేతుడి ఆజ్ఞ. వాళ్లకు ఇంటివాళ్లు కర్మకాండలు జరిపేవారు. ఎందుకని అడిగినవాళ్లు చెరసాలల్లో మగ్గిపోయారు.

కమ్మరి వీరోజు కూతురు వాసంతిక ఆ ప్రశ్న అడిగింది. ఆమె అన్న పుష్కరుడు రెండు దండయాత్రల కిందట శత్రువుకు చిక్కాడు. కర్మకాండ జరిగిన మర్నాడే ఆమె ఇల్లు విడిచి, వెదురుకొండ గుహల్లో దాక్కున్న యువకుల దండులో చేరింది. వాళ్ల ఆలోచన ఒక్కటే. ఎలాగైనా నది దాటి, నీలకూటపు రాజును కలుసుకుని సంధి అడగాలి. యుద్ధమే లేకపోతే విక్రాంతకేతుడి శాసనానికి కాళ్లుండవు. ఆ పనికి ఎంపికైన ముగ్గురే వీళ్లు.

మంచు విడిపోయింది. వాసంతిక తల ఎత్తి చూసి, "అబ్బ!" అంది.

రేవుకు ఎదురుగా నీలకూట నగరం ఆకాశాన్ని అంటుతోంది. బంగారు శిఖరాల మీద ఉదయకాంతి జారుతోంది. ఇంద్రనీలాలు పొదిగిన బురుజులు, వాటి మీద పడగ విప్పిన నాగుల జెండాలు. ఏడంతస్తుల సింహద్వారానికి అటూ ఇటూ కొండల్లాంటి ఏనుగులు తొండాలెత్తి నిలబడ్డాయి. కోట గోడల మీద వేలకొద్దీ శూలాలు తళతళమంటున్నాయి.

"ఇంత బలగంతోనా ఇన్నేళ్లు పోరాడాం?" అన్నాడు మల్లడు, నోరు వెళ్లబెట్టి. మరుక్షణం అతడి పిడికిళ్లు బిగుసుకున్నాయి. "మా ఊరు కొర్రపాడును తగలబెట్టింది వీళ్లే. సంధి మాట మీరు మాట్లాడండి. నేను నోరు విప్పను. విప్పితే పాడైపోతుంది."

మల్లడి తల్లి ఆ మంటల్లోనే పోయింది.

తెల్లగుడ్డ ఒకటి వెదురుకర్రకు కట్టి, ముగ్గురూ చేతులు పైకెత్తి సింహద్వారం వైపు నడిచారు. బాణం రాలేదు. కేక వినిపించలేదు. ఏనుగులు కదల్లేదు. ద్వారం దగ్గరపడింది. మకరందుడు చెయ్యి చాచి ఆ మహాద్వారపు ఇత్తడి బుడిపెను ముట్టుకోబోయాడు.

చెయ్యి గాలిలోకి దూసుకుపోయింది.

అతడు తూలి ముందుకు పడ్డాడు. పడుతూనే ద్వారంలో మాయమయ్యాడు! వాసంతిక కెవ్వుమని, అతడిని పట్టుకోవడానికి ముందుకు దూకింది. మల్లడూ ఆమె వెంటే దూకాడు. చల్లటి పొగలాంటిది ముఖానికి తగిలింది. కళ్లు తెరిచేసరికి ద్వారం లేదు. ఏనుగులు లేవు. బంగారు శిఖరాలు లేవు.

ఎదురుగా అడవి.

కూలిన గోడల మధ్య తుమ్మచెట్లు పెరిగాయి. రాజవీధిలో నక్క ఒకటి పిల్లలకు పాలిస్తూ వీళ్లను చూసి గుర్రుమంది. సభామంటపం ఉండవలసిన చోట పైకప్పు లేదు. రాతి సింహాసనం మీద నిలువెత్తు పుట్ట లేచింది. నేల మీద ఎముకలు కూడా పాతబడి, ముట్టుకుంటే పొడి అవుతున్నాయి.

"నీలకూటం లేదు," అన్నాడు మకరందుడు. "ఇది నిన్నా మొన్నా పడిపోయింది కాదు. మన వృద్ధరాజు యుద్ధంలోనే వీళ్లూ అయిపోయారు. రాజు లేడు, దేశం లేదు."

"మరి మన వాళ్లను చంపుతున్నదెవరు?" అంది వాసంతిక.

ఆ ప్రశ్నకు జవాబు అన్నట్టు శిథిలాల వెనకనుంచి సమ్మెట దెబ్బలు వినిపించాయి.

ముగ్గురూ పొదల చాటున పాకుతూ ఆ చప్పుడు వెంట వెళ్లారు. కొండ పాదాన పెద్ద దండు విడిసివుంది. పెంకుల కప్పు కింద కొలిమి మండుతోంది. దాని పక్క కొట్టంలో ఇనుప ముసుగులు కుప్పగా పోసివున్నాయి. కోరలు, కొమ్ములు, ఎర్రరంగు పూసిన కళ్లు. వాటిలో కొన్ని మరీ చిన్నవి, పసివాడి ముఖానికి సరిపోయేటంతవి. మిట్ట మీద నల్లరాతి గోపురం, దాని కొనన నీలిపొగ చిమ్ముతున్న పాత్ర. ఆ పొగ గాలికి సాగి, నది వైపు వెళ్తూ బంగారు శిఖరాలుగా, బురుజులుగా మారుతోంది. పాత్ర పక్కన జడలు వేలాడేసుకున్న ముసలివాడు ఒకడు మంత్రాలు గొణుగుతున్నాడు. అతడు విక్రాంతకేతుడి కొలువులో జాతకాలు చెప్పే కాలజిహ్వుడు!

"మన రాజధాని మాంత్రికుడు ఇక్కడేం చేస్తున్నాడు?" అని మల్లడు గట్టిగానే అనబోయాడు. వాసంతిక అతడి నోరు మూసింది.

మకరందుడు గోపురం గోడను కింది నుంచి పైదాకా చూశాడు. "ఆ పాత్ర పగిలితే నగరం మాయమవుతుంది. అది నా పని. ఈ ముసుగుల వాళ్లెవరో మీరు కనుక్కోండి."

కొట్టం దగ్గర కునుకుతున్న కావలివాళ్లిద్దరిని మల్లడు చెరో చంకలో ఇరికించి, చప్పుడు లేకుండా స్పృహ తప్పించాడు. వాళ్ల కవచాలు, ముసుగులు వేసుకుని అతడూ వాసంతికా దండులో కలిశారు. ముసుగు లోపల ఉక్కపోత, ఎవరిదో చెమట వాసన. ఇనుము చెంపలకు రాసుకున్న చోట వాసంతికకు మండింది. అక్కడ ఇంతమంది ఉన్నా ఎవరూ నవ్వడం లేదు, ఎవరూ ఎవరినీ పిలవడం లేదు. అది ఆమెను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది.

అంతలో కొమ్ము ఊదారు. దండు వరుసల్లో నిలబడింది. దళపతి ఒకడు వరుస వెంట నడుస్తూ ఒక్కొక్కరినీ పరికించి చూస్తున్నాడు. అతడి ముసుగుకు పులికోరలున్నాయి. వాసంతిక ముందుకు రాగానే ఆగాడు. ఆమె చేతుల వైపు చూశాడు. కొలిమి నిప్పురవ్వలు చిన్నప్పటినుంచీ వేసిన మచ్చలు ఆ ముంజేతుల నిండా ఉన్నాయి.

"వీడి సంగతి నేను చూస్తాను. కదలండి మీరు!" అని గర్జించి, ఆమె మెడ పట్టుకుని బండల చాటుకు ఈడ్చుకుపోయాడు.

వాసంతిక మొలలోని బాకు దూసింది. అంతకన్నా ముందే మల్లడు వెనకనుంచి వచ్చి దళపతిని నేలకు విసిరికొట్టాడు. పులికోరల ముసుగు ఊడి, బండ మీద ఖంగున దొర్లింది. బాకు అతడి గొంతుకు ఆనించబోయిన వాసంతిక చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది.

అది పుష్కరుడి ముఖం.

బుగ్గలు లోపలికి పోయాయి. గడ్డం మాసింది. కానీ అవే కళ్లు. ఆమె చేతిలో బాకు జారిపోయింది. "అన్నయ్యా!" అంటూ అతడి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "మాయ చేశారా నీకు? ఏం తాగించారు? నేను... నేను వాసంతిని. చూడు. గుర్తుపట్టు నన్ను!"

పుష్కరుడు కళ్లు మూసుకున్నాడు.

"ఏ మాయా లేదే వాసంతీ. నువ్వెవరో నాకు తెలుసు. ఆ చేతులు చూడగానే తెలుసు." "మంత్రం నగరానికే. మాకు అక్కరలేదు."

"మరి..."

"చిక్కినవాళ్లను ఈ కొండ వెనక్కి తెచ్చారు. విక్రాంతకేతుడే ఎదురొచ్చాడు. ముసుగు వేసుకుని పోరాడతారా, మీ ఇళ్లకు నిప్పు పెట్టమంటారా అన్నాడు. మొదట ఎవరూ నమ్మలేదు. దామరయ్య అనే కుర్రాడు ముసుగు నేలకేసి కొట్టాడు. వారం తిరక్కుండా వాడి ఊరి బూడిద తట్టలో తెచ్చి మా ముందు పోశారు. కొర్రపాడు వాడిది."

మల్లడు కింద కూర్చుండిపోయాడు.

"దామరయ్యది మా ఇంటి వెనక ఇల్లు," అన్నాడు. "మా అమ్మ వాడికి అన్నం పెట్టేది." ఆ తర్వాత ఇసుకలోకి చూస్తూ, "ఇన్నాళ్లూ నీలకూటాన్ని తిట్టుకున్నాను," అన్నాడు.

వాసంతిక అన్న ముఖం వదిలిపెట్టింది. "నువ్వు మన వాళ్లతోనే పోరాడావా?"

"పోరాడాను."

"చంపావా?"

పుష్కరుడు తన అరచేతులకేసి చూసుకున్నాడు. ఆ చూపే ఆమెకు చాలింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, బండకు ఆనుకుని నిలబడింది. అన్న బతికివున్నాడన్న సంతోషమూ, అతడిని చూస్తే కలిగిన భయమూ ఒకేసారి ఆమెను కమ్ముకున్నాయి.

నది వైపు నుంచి నగారా మోగింది. పుష్కరుడు ముసుగు అందుకుని చటుక్కున లేచాడు.

"పడవలొస్తున్నాయి. మీరిద్దరూ ఇక్కడే దాక్కోండి. పోరు కాగానే అడవిదారి చూపిస్తాను, పారిపోండి."

"ఆ పడవల్లో ఎవరున్నారో తెలుసా నీకు?" అంది వాసంతిక. "కుర్రవాళ్లు అయిపోయారు అన్నయ్యా. ఈసారి తండ్రుల్ని ఎక్కిస్తున్నారని మా గుహకు కబురొచ్చింది. మన వీధి మొత్తం ఉంది. నాన్న ఉన్నాడు."

పుష్కరుడి చేతిలోంచి ముసుగు మళ్లీ కింద పడింది.

ఇక్కడ ఇలా ఉండగా, మకరందుడు గోపురాన్ని ఎక్కుతున్నాడు. పై అంచుకు ఉచ్చు తగిలించి, గోడకు కాళ్లు తన్నిపెట్టి సగందాకా పాకేసరికి కాలజిహ్వుడు కిందికి వంగి చూశాడు. వికవికా నవ్వి, వేళ్లతో గాలిలో ముడివేశాడు. మకరందుడి చేతుల్లోని తాడు మెలికలు తిరిగింది. అది తాడు కాదు, పన్నెండు పడగల కాలసర్పం! పన్నెండు నోళ్లూ ఒక్కసారి బుసకొట్టాయి. విషపు చుక్కలు అతడి ముఖం మీద చిందాయి.

మరొకరైతే వదిలేసేవారు. వదిలితే కింద మొనదేలిన బండలు. మకరందుడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పాము చర్మం నున్నగా ఉండాలి. అరచేతుల్లో కొబ్బరిపీచు గుచ్చుకుంటోంది. చిన్నప్పటినుంచీ తన చేతులకు కాయలు కాయించిన ఆ పీచే!

"నీ నగరం లాంటిదే నీ పాము కూడా!" అని అరిచి, కళ్లు తెరవకుండానే సరసరా పైకి పాకాడు. అంచు తగలగానే ఒక్క గంతులో లోపలికి దూకాడు. కాలజిహ్వుడు మంత్రదండంతో అతడి భుజం మీద కొట్టాడు. ఎముక కలుక్కుమంది. మకరందుడు ఆ నొప్పితోనే దొర్లుకుంటూ పోయి, రెండు కాళ్లతో నీలిపాత్రను తన్నాడు. అది గోపురం మీదనుంచి దొర్లి, కింద బండల మీద వెయ్యి ముక్కలైంది.

సరిగ్గా అప్పుడే పడవలు రేవుకు చేరుకుంటున్నాయి.

నెరిసిన గడ్డాల వాళ్లు, ఎప్పుడూ శూలం పట్టని చేతులవాళ్లు, కవచాలు పొట్ట దగ్గర బిగుసుకుని ఊపిరాడనివాళ్లు. ఎదురుగా గట్టు మీద ముసుగుల దండు బారులు తీరింది. దాని వెనుక నీలకూట నగరం ధగధగలాడుతోంది. చూస్తూ ఉండగానే ఒక బంగారు శిఖరం కరిగింది. తర్వాత ఇంకొకటి. ఏనుగులు పొగై గాలిలో కలిసిపోయాయి. ఏడంతస్తుల ద్వారం వంగి, చిరిగి, మాయమైంది. తుమ్మచెట్లూ మొండిగోడలూ మిగిలాయి.

పడవల్లో తెడ్లు ఆగిపోయాయి.

ముసుగుల బారులోంచి ఒక్కడు ముందుకు నడిచి నీళ్లలోకి దిగాడు. అతడి తలకు ఏమీ లేదు. ఎండ అతడి ముఖం మీద పడుతోంది. పక్కనే కవచం తొడిగిన ఆడపిల్ల, జుట్టు విరబోసుకుని ఉంది. ముందు పడవలో నిలబడ్డ కమ్మరి వీరోజు శూలం ఎత్తి, ఎత్తినట్టే ఉండిపోయాడు.

"నాన్నా," అన్నాడు పుష్కరుడు.

వీరోజు కళ్లు చికిలించుకుని చూశాడు. "నీకు పిండం పెట్టాను కదరా," అన్నాడు. "ఈ చేత్తోనే పెట్టాను. కాకి ముట్టలేదని రోజంతా కూర్చున్నాను..."

"బతికే ఉన్నాం నాన్నా. అందరం మనవాళ్లమే. ముసుగుల వెనక ఉన్నది మీ పిల్లలే!"

ఆ మాట నీళ్ల మీదుగా పడవ నుంచి పడవకు పాకింది. వెనుక పడవలో ఒక ముసలాయన, "చెన్నుగా! నువ్వున్నావేంట్రా అందులో?" అని కేకవేశాడు. ముసుగుల బారులో ఎక్కడో ఒక సైనికుడు మోకాళ్ల మీద కూలబడి, ముసుగు పీక్కోలేక, అందులోనే బావురుమన్నాడు. పక్కవాడు వంగి వాడి తల వెనక పట్టీలు తెంచసాగాడు. బారంతటా ముసుగులు ఒక్కొక్కటిగా నేల రాలాయి.

అప్పుడు కొండ మీద ఎర్రజెండాలు లేచాయి.

విక్రాంతకేతుడి సొంత అశ్వదళం అది. ప్రతి పోరులోనూ వెనుక నిలబడి, పారిపోయేవాళ్లను చంపే దళం. నడుమ నల్లగుర్రం మీద విక్రాంతకేతుడే ఉన్నాడు. అతడు రేవును చూశాడు, మాయమైన నగరాన్ని చూశాడు, బోసితలలతో నిలబడ్డ దండును చూశాడు. అతడి గొంతులో కోపం కూడా లేదు.

"రెండు పక్షాలూ ద్రోహులే. ఒక్కడు కూడా ఇంటికి చేరకూడదు. కాల్చండి."

నిప్పుబాణాలు ఆకాశంలోకి లేచి, నదివైపు వంగాయి. మొదటి బాణం వీరోజు నిలబడ్డ పడవ అంచున దిగి భగ్గుమంది. వాసంతిక తండ్రి నడుం పట్టుకుని నీళ్లలోకి లాగింది. వాళ్ల వెంటే రేవుకు వచ్చిన మల్లడు మండుతున్న ఆ పడవను భుజం పెట్టి ఎత్తి, గట్టు మీదికి బోర్లించాడు. దాని చాటుకు పది మంది చేరారు.

వీరోజు నీళ్లు కక్కుతూ లేచాడు. కొడుకు వైపు చూశాడు. ఒక్క క్షణం చెయ్యి చాచి అతడి చెంప తడిమాడు. తర్వాత కొడుకుకు వీపు తిప్పి, కొండ వైపు శూలం సాచి, పడవలన్నిటికీ వినిపించేలా అరిచాడు.

"ఏం చూస్తున్నార్రా! దిగండి! పడవలు అడ్డంగా పెట్టండి! పిల్లలు మన వెనక ఉండాలి!"

వందల మంది తండ్రులు ఒక్కసారిగా నీళ్లలోకి దూకారు.

గోపురం మీద మకరందుడు విరిగిన భుజాన్ని పట్టుకుని, మంత్రదండం ఎత్తి మీదికొస్తున్న కాలజిహ్వుడి ముందునుంచి అంచు దాకా వెనక్కి జరిగాడు. అక్కడినుంచి అతడికి రెండు దండులూ కనిపించాయి. ఇన్నేళ్లలో మొదటిసారి అవి ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయి. వాటి మీదికి ఎర్రజెండాల గుర్రాలు కొండ దిగుతున్నాయి.